ఐదో ఇంటి పేరంటం

పుష్పావతి ఏదైనా పని నెత్తికెత్తుకుందంటే, అయితే ఆ పని అయి తీరాలి, లేకపోతే ఊళ్లో నలుగురికి నిద్ర కరువవ్వాలి. ఆమె భర్త భాస్కరరావు నూజివీడులో మామిడికాయల వ్యాపారి. ఏ మాటనైనా తూకం వేసి గానీ బయటికి వదలని మనిషి. ఆయన కూడా ఈ సంగతి మాత్రం మారుమాట లేకుండా ఒప్పుకుంటాడు.

ఈసారి ఆమె నెత్తికెత్తుకున్నది హాసినికి ఒక గది.

హాసిని వాళ్ల షెడ్డులో కాయలు ప్యాక్ చేసే అమ్మాయి. ఇరవై ఏళ్లుంటాయి. మనిషి పొడుగు, చేతులు పెద్దవి, గొంతు ఇంకాస్త పెద్దది. అట్టపెట్టెలో వరిగడ్డి పరిచి, సొన కాయ మీద కారకుండా తొడిమలన్నీ కిందికి తిప్పి వరసలు పేరుస్తుంటే చూడముచ్చటగా ఉండేది. పుట్టింది మైలవరం అవతల ఒక రైతు ఇంట్లో. కొడుకు పుట్టాడని బారసాల చేశారు. తాను అబ్బాయిని కాదని, అమ్మాయినని ఆమె నోరు విప్పి చెప్పిన రోజున తండ్రి ఆమె బ్యాగు గేటు బయట పెట్టి తాళం వేసుకున్నాడు.

చుట్టాలకి పంపడానికి చిన్న రసాలు ఏరుకుందామని పుష్పావతి ఒకరోజు పొద్దున్నే షెడ్డుకి వెళ్లింది. గడ్డిమోపుల వెనక మేకుకి చిన్న అద్దం వేలాడుతోంది. దాని కింద మడత పెట్టిన దుప్పటి, గ్లాసులో టూత్‌బ్రష్షు ఉన్నాయి. ఎవరో ఇక్కడ కాపురం పెట్టారే అనుకునేలోపు తడిజుట్టుతో హాసిని ఎదురొచ్చి, దొరికిపోయాను ఆంటీ అని నవ్వేసింది. ఆ నవ్వు చూసి పుష్పావతికి కోపం రాలేదు గానీ గుండె కలుక్కుమంది. రోళ్లు పగిలే రోహిణి కార్తె నడుస్తోంది. మృగశిర వచ్చి నాలుగు చినుకులు పడితే కాయ అయిపోతుంది, షెడ్డు మూసేస్తారు. ఆ తర్వాత ఈ పిల్ల ఎక్కడ పడుకుంటుంది?

మా మేడ మీద ఉండమని అప్పటికప్పుడే అడిగింది పుష్పావతి. హాసిని కాయ తుడుస్తూ తల అడ్డంగా ఊపింది. ఒకరింట్లో ఉంటే చుట్టాలొచ్చినప్పుడల్లా తాను సినిమాకి వెళ్లాలని, అన్ని సినిమాలు చూసే ఓపిక తనకి లేదని చెప్పింది. పైగా తానొక్కతే కాదట. ఉదయ్ కిరణ్ అని ఇంకొక పిల్లాడు, తోటి అబ్బాయిని ఇష్టపడ్డాడని ఇంట్లోంచి గెంటేస్తే పాస్టరు మార్టిన్ గారి చర్చిలో బెంచీల మీద పడుకుంటున్నాడట. ఆదివారం వచ్చిందంటే తెల్లారకముందే పక్క చుట్టుకుని బయటికెళ్లాలి.

"మీ మేడ ఎంతమందికని సరిపోతుంది ఆంటీ? ఎవరి దయా లేకుండా పడుకునే చోటు ఒకటి కావాలి మాకు," అంది హాసిని.

అలాంటి చోటు ఊళ్లో ఉంది. అమ్మవారి సత్రం. దారినపోయేవాళ్లు తలదాచుకోవడానికని పెద్దలు కట్టించినది. ఇప్పుడు కింద పెళ్లిళ్లు జరుగుతున్నాయి, పైగదుల్లో పావురాలు కాపురాలు చేస్తున్నాయి. పుష్పావతి మార్టిన్ గారిని వెంటబెట్టుకుని సత్రం కమిటీ ప్రెసిడెంటు నారాయణరావు దగ్గరికి వెళ్లింది. ఆయన ఇద్దరికీ మజ్జిగ ఇప్పించి, చెప్పిందంతా విని, నాదేముందమ్మా, మా ఆడవాళ్లు ఒప్పుకోరు అన్నాడు. తక్కిన నలుగురు మెంబర్లూ అదే పాట పాడారు. పాపం మగవాళ్లందరికీ మనసు వెన్నేనట, ఇంట్లో ఆడవాళ్లే రాళ్లట. బయటికొచ్చాక మార్టిన్ గారు, మా సంఘపెద్దలు కూడా సరిగ్గా ఈ మాటే అన్నారండీ అన్నాడు. ఇద్దరూ రోడ్డు మీద నిలబడి నవ్వుకున్నారు. సరే, మీ ఆడవాళ్లని మీరడగండి, మా ఆడవాళ్లని నేనడుగుతాను అని పని పంచుకున్నారు.

పుష్పావతికి లలితా పారాయణ మండలి ఉంది. పదిమందికి పైనే ఆడవాళ్లు ఇంటింటికీ వెళ్లి సహస్రనామం చదువుతారు. ఆ ఇంటావిడ వాళ్లని పీటల మీద కూర్చోబెట్టి, పాదాలకి పసుపు రాసి, బొట్టు పెట్టి, తాంబూలం ఇచ్చి పంపుతుంది. ఈ జ్యేష్ఠంలో కమిటీ వాళ్ల ఐదిళ్లలో వరసగా ఐదు రోజులు పారాయణ పెట్టుకుందామంది పుష్పావతి. అమ్మవారు ఇంటికొస్తానంటే వద్దనేదెవరు? మండలిలో కొత్తగా ఒక అమ్మాయి చేరిందని కూడా అందులోనే కలిపి చెప్పింది. మండలిలో ఇద్దరు ముగ్గురు మొహాలు చూసుకున్నారు గానీ పుష్పావతితో వాదన పెట్టుకునే తీరిక ఎవరికీ లేకపోయింది.

మొదటి ఇల్లు కమిటీ ట్రెజరర్ ఫణిది. అతని భార్య మాధురి ఎమ్మెస్సీ చదివింది, ఏసీ వేసి మరీ అందరినీ కూర్చోబెట్టింది. హాసిని పుష్పావతి పాత జరీచీర కట్టుకుని వరస చివర కూర్చుంది. పుస్తకం చూసి చదువుతున్నా ఎక్కడా తడబడలేదు. మామూలుగా అయితే ముప్పావు వంతు అయ్యేసరికి మండలికి ఆయాసం వచ్చి శ్రుతి ఎటో కొట్టుకుపోతుంది. ఇవాళ హాసిని గొంతు కింద నుంచి దన్నుగా పట్టుకుని ఉండడంతో అందరూ ఫలశ్రుతి దాకా క్షేమంగా చేరారు.

తర్వాత మాధురి పసుపు గిన్నె పట్టుకుని వరసగా ఒక్కొక్కరి పాదాలకీ రాసుకుంటూ వచ్చింది. హాసిని పాదాలు ముందుకి జరుపుకుంది. మాధురి ఆ పాదాల దగ్గర ఒక్క క్షణం ఆగి, గిన్నె పక్కన పెట్టి, లోపలికెళ్లి ఐదొందల నోటునీ, ఏడాది నిండని కొడుకునీ తీసుకొచ్చింది. నోటు హాసిని చేతిలో పెట్టి, పిల్లాడికి దిష్టి తీసి నిండు నూరేళ్లు బతకమని దీవించమని చేతులు జోడించింది. ఆమె మనసులో ఏ కల్మషమూ లేదు. షాపులు తెరిచినప్పుడు, పిల్లలు పుట్టినప్పుడు వచ్చే హిజ్రాలకి వాళ్ల అత్తగారు చేసే మర్యాద ఆమెకి తెలుసు, అదే చేసింది.

హాసిని పాదాలు మెల్లగా చీర కిందికి లాక్కుంది. తర్వాత పిల్లాణ్ని ఒళ్లోకి తీసుకుని, దిష్టి తీయడం నాకు రాదండీ, జోకొట్టడం వచ్చు అని భుజాన వేసుకుని జోకొట్టింది. వాడు ఆ పెద్ద చేతుల్లో హాయిగా కళ్లు మూశాడు. వెళ్లేటప్పుడు ఆ నోటు వాడి గుప్పిట్లోనే పెట్టి, అత్త చదివింపులు అంది. అందరూ నవ్వారు. మాధురి కూడా నవ్వింది గానీ ఎక్కడో ఏదో తేడా వచ్చిందని ఆమె మొహంలో తెలిసిపోయింది. పుష్పావతి మాత్రం పసుపు ఆరుతున్న తన పాదాల వంక చూసుకుంటూ ఒక్క మాటా అనలేకపోయింది. ఊరందరి నోరూ మూయించగల మనిషికి ఆ పూట నోరు పెగల్లేదు. అది ఆమెకి చాలా సిగ్గనిపించింది.

రెండో ఇంట్లో తాంబూలం బల్ల మీద పెట్టి తీసుకోమన్నారు. మూడో ఇంట్లో బొట్టుపెట్టె చేతికిచ్చి నువ్వే పెట్టుకోమ్మా అన్నారు. నాలుగో ఇంటావిడకి హాసిని గొంతు ఎంత నచ్చిందంటే మణిద్వీప వర్ణన కూడా చదివించుకుని, రెండు పెద్ద రసాలు ఎక్కువ వేసి పంపింది. పసుపు మాత్రం అక్కడా హాసిని ముందు మనిషి దగ్గరే అయిపోయింది. ఇంటింటికీ ఒక మెట్టు ఎక్కుతున్నాం ఆంటీ, ఈ లెక్కన పాదాల దాకా వెళ్లాలంటే ఇంకో పదిమందిని కమిటీలో వేయించాలి అని హాసిని ఆటోలో నవ్వించింది. నవ్వుతూనే ఒక చెంప తుడుచుకోవడం పుష్పావతి చూసింది.

ఐదో ఇల్లు ప్రెసిడెంటు నారాయణరావుది. ఆయన సంగతి అలా ఉంచితే అసలు భయం ఆయన భార్య అచ్చమ్మతో. ఆవిడ మడి గురించి నూజివీడులో కథలు కథలుగా చెప్పుకుంటారు. పాలవాడి క్యాను చింతపండుతో తోమితే గానీ గుమ్మం దాటనివ్వదట. చేతికొచ్చిన నోట్ల మీద కూడా నీళ్లు చల్లుతుందట. ఒకసారి కలెక్టరు గారిని వీధి కుళాయి దగ్గర కాళ్లు కడుక్కు రమ్మందని అంటారు, నిజమో కాదో గానీ నమ్మని వాళ్లు లేరు. అలాంటి ఇంట్లో ఏ మాట పడాల్సి వస్తుందో, ఐదు రోజుల కష్టం ఎక్కడ బూడిదలో పోసిన పన్నీరవుతుందో అని పుష్పావతికి తెల్లవార్లూ కంటి మీద కునుకు లేదు. పొద్దున్నే ఫోన్ చేసి, ఇవాళ ఒక్కరోజు నువ్వు రాకమ్మా, పని చెడుతుంది అని చెప్పింది. అవతల నుంచి అలాగే ఆంటీ అన్న మాట వెంటనే వచ్చింది. అంత వెంటనే రాకుండా ఉంటే పుష్పావతికి కాస్త బాగుండేది.

అచ్చమ్మ ఇంట్లో గచ్చు అద్దంలా మెరుస్తోంది. వరండాలో నారాయణరావు పేపరు చాటున కూర్చున్నాడు. అందరూ కాళ్లు కడుక్కుని లోపలికెళ్లారు. పీటల మీద ముగ్గులు, ఒక్కో పీట ముందు చేటలో వాయనం: పూర్ణాలు, రవికెల గుడ్డ, పసుపు కుంకుమ, మామిడిపండు. ఆఖరి రోజని అచ్చమ్మ తాంబూలంతో సరిపెట్టకుండా వాయనాలే సిద్ధం చేసింది. అందరూ సర్దుకున్నాక వరస చివర ఒక పీట ఖాళీగా మిగిలింది.

అచ్చమ్మ దీపం ఒత్తి సరిచేస్తూ, వెనక్కి తిరగకుండానే, ఆ పీట మనిషేదని అడిగింది. పుష్పావతి గొంతు సవరించుకుని, ఆ పిల్లకి షెడ్డులో పని తగిలిందండీ పిన్నిగారూ అంది.

"పని తగిలిందా, నువ్వు తగిలావా?"

పుష్పావతి తల దించుకుంది.

"నాలుగిళ్లకి తిప్పి నా ఇంటికి మానిపించావు. నేను పిలిచింది మండలిని పుష్పా. నలుగురిని పీట మీద కూర్చోబెట్టి ఒకరిని గుమ్మం బయట ఉంచితే దాన్ని పంక్తిభేదం అంటారు. తక్కిన ఇళ్లలో ఏం జరిగిందో పాలవాడు చెప్పాడు. ఆ పాపం నా ఇంట్లో చేయించకు. పిల్ల వచ్చేదాకా పుస్తకం తెరవను."

చెప్పి, నూనె ఇంకాస్త పోసి, గోడకి ఆనుకుని కూర్చుంది. మోకాళ్లు చాపుకుంటూ ఆవిడ కూర్చున్న తీరు చూస్తే సాయంత్రం దాకా లేచేలా లేదు. ఆఖరి రోజు పేరంటానికని వచ్చి వరసలో కూర్చున్న మాధురి మొహం ఎర్రబడింది. పుష్పావతి చెప్పులు ఏ కాలివి ఏ కాలికి తొడుక్కుందో చూసుకోకుండా వీధిలోకి వెళ్లి ఆటో ఆపింది.

షెడ్డులో హాసిని కలెక్టరు రకం మామిడికాయల గుట్ట ముందు కూర్చుని ఉంది. జుట్టులో గడ్డిపరకలు. కడుతూ కడుతూ ఆపేసిన చీర మేకుకి వేలాడుతోంది. పుష్పావతిని చూసి పెట్టె పక్కకి జరిపింది గానీ లేవలేదు. పుష్పావతి ఆ గడ్డి మీదే చతికిలబడి, తప్పు నాదేనమ్మా, భయపడ్డాను అంది. నీ కోసమని చెప్పుకున్నాను గానీ నా పరువు కోసమే భయపడ్డానని కూడా చెప్పింది. చెప్పేసరికి ఏడుపు ఆగలేదు.

"ఊరంతా మిమ్మల్ని చూసి భయపడుతుంటే మీరు భయపడడమేంటి ఆంటీ," అంది హాసిని. కాస్త ఆగి, "ఫోన్ పెట్టేశాక మా నాన్న గుర్తొచ్చారు. ఆయన అమ్మాయ్ అని పిలిస్తే చాలనుకునేదాన్ని. మీరు అమ్మా అనే అన్నారు. అయినా రావద్దనే అన్నారు," అంది.

నువ్వు వచ్చేదాకా పుస్తకం తెరవనని అచ్చమ్మగారు కూర్చున్నారని మాత్రం పుష్పావతి చెప్పింది. హాసిని తన చేతిలోని కాయని తుడిచి, తొడిమ కిందికి తిప్పి గడ్డిలో పెట్టింది. అచ్చమ్మగారు ఇష్టమై పిలిచారా, కోపమొచ్చి పిలిచారా అని అడిగింది. ఆవిడ మొహం చూసి ఆ సంగతి ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేకపోయారమ్మా, కట్టుకున్న ఆయనతో సహా అని పుష్పావతి ముక్కు చీదుతూ అంటే హాసినికి నవ్వు ఆగలేదు. లేచి చీర అందుకుంది. కుచ్చిళ్లు పోసుకుంటుంటే పుష్పావతి మోకాళ్ల మీద కూర్చుని అంచులు సమంగా పట్టుకుంది. జుట్టులోంచి గడ్డిపరకలు ఒక్కొక్కటే తీసింది.

గుమ్మంలోనే అచ్చమ్మ ఆపింది. కాళ్లు కడిగావా అంది. కడిగానండీ అంటే, మడమలు కడగలేదు, మళ్లీ కడుక్కుని రా అని వెనక్కి పంపింది. ఆ మాట ఆ ఇంట్లో పడని ఆడది మండలిలో లేదు. హాసిని మళ్లీ కడుక్కుని వచ్చి పీట మీద కూర్చుంది. పుస్తకాలు తెరిచారు. ఆ రోజు పారాయణ మండలి పుట్టినప్పటి నుంచీ ఎప్పుడూ లేనంత బాగా జరిగింది. వరండాలో పేపరు తిప్పిన చప్పుడు కూడా వినిపించలేదు.

అచ్చమ్మ పసుపు గిన్నె తీసుకుని వరసగా వచ్చింది. ఒక్కొక్కరి దగ్గరా కూర్చోవడం, లేవడం ఆవిడకి కష్టంగా ఉంది. కోడలు గిన్నె అందుకోబోతే ఇవ్వలేదు. చివరి పీట దగ్గర నేల మీద చెయ్యి ఆనించి మెల్లగా కూర్చుని, పాదం ఇటు పెట్టు అంది. హాసిని పెట్టింది. అది పెద్ద పాదం. వేళ్ల సందుల్లో సొన మరకలు నల్లగా పట్టేసి ఉన్నాయి. అచ్చమ్మ గిన్నెలోంచి ఇంకాస్త పసుపు తీసుకుని మడమ దాకా నిండుగా రాసింది. ఈ మరకలకి కొబ్బరినూనె రాయి, పోతాయి అని చెప్పి, రెండో పాదం పెట్టమంది. పుష్పావతి కళ్లు ఒత్తుకుంటూ పక్కకి చూస్తే మాధురి కూడా అదే పనిలో ఉంది.

తర్వాత వాయనాలు. హాసిని దగ్గరికొచ్చి అచ్చమ్మ చేట ముందుకి చాపి, "ఇస్తినమ్మ వాయనం," అంది.

హాసిని చేతులు చాపి ఊరుకుంది. తిరుగు ఏమనాలో ఆమెకి తెలియదు. మగపిల్లాడిగా పెరిగిన వాళ్లకి ఆ మాటలు ఎవరు నేర్పుతారు? అచ్చమ్మ కొంగు ముందుకి తీసుకుని పట్టుకోవాలని చూపించింది. ముందుగా మాధురి అందించింది, తర్వాత వరసంతా కలిసి అందించింది. పుచ్చుకుంటినమ్మ వాయనం అని హాసిని వాళ్ల వెంట అంది. ముమ్మారు ఇచ్చి, ముమ్మారు పుచ్చుకున్నాక, అచ్చమ్మ నా వాయనం అందుకున్నదెవరని అడిగింది. ఈసారి ఎవరూ అందించకముందే హాసిని మిగతా వాళ్ల దగ్గర విన్నది గుర్తు పెట్టుకుని, "నేనమ్మా గౌరమ్మని," అంది.

"వాయనం మధ్యలో ఎక్కడా దించకూడదు. ఇంటికెళ్లే దించుకోవాలి," అంది అచ్చమ్మ.

హాసిని కొంగులో చేటని రెండు చేతులా జాగ్రత్తగా పట్టుకుని, పద్ధతి సరిగ్గా తెలుసుకోవాలనే అడిగింది.

"ఏ ఇంటికండీ?"

ఎవరినీ దెప్పాలని అనలేదు. పుష్పావతి ఏదో అనబోతే అచ్చమ్మ చెయ్యెత్తి ఆపి, వరండా వైపు తిరిగింది.

"ఏమండీ, పిల్ల అడుగుతోంది. చెప్పండి."

నారాయణరావు పేపరు దించాడు. పెళ్లాన్ని చూశాడు, పసుపు పాదాలతో గుమ్మంలో నిలబడ్డ హాసినిని చూశాడు. మా ఆడవాళ్లు ఒప్పుకోరు అనడానికి ఇంట్లో ఒక్క ఆడదీ మిగల్లేదు. పేపరు మడిచి, గొడుగు తీసుకుని, చెప్పుల్లో కాళ్లు దూర్చాడు.

"సత్రానికేనమ్మా, పద. పైగదులు తీయిద్దాం," అన్నాడు. మెట్లు దిగాక వెనక్కి తిరిగి, "ఆ మార్టిన్ గారి పిల్లాణ్ని కూడా రమ్మనండి. రెండు గదులున్నాయి," అని పుష్పావతితో అన్నాడు.

మిట్టమధ్యాహ్నం ఎండలో ముందు నారాయణరావు, పక్కన వాయనంతో హాసిని, వెనక మండలి మొత్తం నడిచారు. వాయనానికి ఎండ తగలకూడదని చెప్పి ఆయన గొడుగు హాసిని మీదే పట్టాడు. రెండు మూడు షాపుల వాళ్లు ఏంటి సంగతని బయటికొచ్చి చూశారు. భాస్కరరావు గల్లా వదిలి వచ్చి వెనక కలిశాడు. అచ్చమ్మ మోకాళ్ల నొప్పులతో ఆటోలో వచ్చింది, ఆటోని మాత్రం అందరి వెనకే నెమ్మదిగా నడపమంది.

వాచ్‌మన్ పైగది తలుపు నెడితే పావురాలు ఒక్కసారిగా కిటికీలోంచి లేచిపోయాయి. గదంతా దుమ్ము. పుష్పావతి చీపురు కోసం వాచ్‌మన్‌ని పంపింది. మాధురి తన చేతిరుమాలుతో కిటికీ కింద కాస్త చోటు తుడిచింది. హాసిని అక్కడ కూర్చుని చేటని ఇంకా ఒళ్లోనే పట్టుకుని, నాలుగు గోడలూ తలుపు గడియా తీరిగ్గా చూసుకుంది.

అచ్చమ్మ మెట్లెక్కలేక కింది నుంచే కేకేసి, దించావా అని అడిగింది.

"దించుతున్నానండీ," అంది హాసిని.